మిసిసిపీ జాన్ హర్ట్

జాన్ హర్ట్ అమెరికా తొలితరం బ్లూస్ గిటారిస్టుల్లో ఒకడు. మెత్తని గొంతుకూ, తొణకని వాయిద్యానికీ పేరుపొందిన నల్లజాతి గాయకుడు. 1928లో ఆయన ఇచ్చిన రికార్డులు అంతంతమాత్రంగానే అమ్ముడుపోయాయి. 35 ఏళ్ల తర్వాత ఆయన్ను మళ్లీ లోకం ముందుకు తెచ్చినవి ఆ రికార్డులే.

హర్ట్ 1890ల ఆరంభంలో మిసిసిపీ రాష్ట్రంలోని టియోక్‌లో పుట్టి, దగ్గరలోని అవలాన్ అనే పల్లెలో పెరిగాడు. చిన్నతనంలోనే గిటారు సొంతంగా నేర్చుకున్నాడు. పగలంతా పొలం పని చేసి, ఊళ్లో విందులకూ నాట్యాలకూ వాయించేవాడు.

ఆయన బొటనవేలు మంద్ర తీగల మీద లయ తప్పకుండా నడుస్తుంటే, మిగతా వేళ్లు పై తీగల మీద పాట వరసను పలికిస్తాయి. వింటే ఇద్దరు వాయిస్తున్నారనిపిస్తుంది. అదే ప్రాంతపు మరో బ్లూస్ గాయకుడు చార్లీ ప్యాటన్‌ది గరుకు గొంతు, దూకుడు వాయిద్యం. హర్ట్ పాట మాత్రం ఇరుగుపొరుగుతో కబుర్లాడినట్టు సాగుతుంది. బ్లూస్‌తో పాటు కథాగేయాలూ భక్తిగీతాలూ పాడేవాడు.

పొరుగున ఉండే తెల్లజాతి ఫిడేలు కళాకారుడు విల్లీ నార్మర్ సిఫారసుతో ఓకే రికార్డుల కంపెనీ 1928 ఫిబ్రవరిలో హర్ట్‌ను మెంఫిస్‌కు, డిసెంబరులో న్యూయార్క్‌కు పిలిపించింది. ఆ మహానగరంలో ఇంటి మీద బెంగతో కట్టిన పాటే ‘అవలాన్ బ్లూస్’. మరుసటి ఏడాది ఆర్థిక మాంద్యం ముంచుకొచ్చింది. హర్ట్ మళ్లీ సేద్యంలో పడ్డాడు.

1952లో హ్యారీ స్మిత్ కూర్చిన ‘ఆంథాలజీ ఆఫ్ అమెరికన్ ఫోక్ మ్యూజిక్’ సంకలనంలో ఆయన పాటలు రెండు చేరాయి. కొత్తతరం ఆ వాయిద్యానికి ముగ్ధమైంది. 1963లో టామ్ హోస్కిన్స్ అనే అభిమాని, పాటలో వినిపించిన ఊరి పేరు ఆధారంగా అవలాన్ వెళ్లాడు. హర్ట్ అక్కడే ఉన్నాడు, వేళ్లలో నేర్పూ అలాగే ఉంది. ఆ ఏడాదే న్యూపోర్ట్ జానపద సంగీతోత్సవం ఆయనకు బ్రహ్మరథం పట్టింది. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కోసం కూడా పాడాడు. 1966 నవంబరు 2న కన్నుమూశాడు.

మలిదశ మూడేళ్లే అయినా ప్రభావం గట్టిది. ‘లవిన్ స్పూన్‌ఫుల్’ బృందం తన పేరును హర్ట్ ‘కాఫీ బ్లూస్’ నుంచే తీసుకుంది. గిటారిస్టు జాన్ ఫాహీ ఆయన స్మృతిలో ఒక రచన చేశాడు. స్టెఫాన్ గ్రాస్‌మన్ ఆయన పద్ధతిని పాఠాలుగా మలచి విద్యార్థులకు అందించాడు. 2001లో వెలువడిన నివాళి ఆల్బమ్‌లో లూసిండా విలియమ్స్, బెక్, బ్లూస్ గాయకుడు తాజ్ మహల్ ఆయన పాటలను తమ గొంతులతో పాడారు.