డ్రాయింగ్‌లో పట్టిక కథ

స్ట్రక్చరల్ డ్రాఫ్ట్స్‌మన్‌గా నేను గీతలకన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టింది డ్రాయింగ్ మూలన ఉండే బార్ బెండింగ్ షెడ్యూల్ మీద. రాడ్డు గుర్తు, డయా, సంఖ్య, కటింగ్ పొడవు, బరువు: సైటులో ఇనుము కోసేది ఆ పట్టిక చూసే. 16 ఎంఎం రాడ్డు మీటరుకు 1.58 కిలోలు, ఒక్క పొడవు మారితే కింద మొత్తం బరువూ మారాలి. ట్రేసింగ్ పేపర్ రోజుల్లో పాత అంకెను బ్లేడుతో గీకి, ఇంకు పెన్నుతో కొత్తది రాసేవాళ్లం.

1982లో కంప్యూటర్‌లో డ్రాయింగ్ గీసే ఆటోక్యాడ్ సాఫ్ట్‌వేర్ వచ్చింది. గీతలు కంప్యూటర్‌కెక్కినా, పట్టిక మాత్రం చాలాకాలం విడి గీతలు, విడి అక్షరాలుగానే ఉండిపోయింది. ఎక్సెల్‌లో లెక్క కట్టి, డ్రాయింగ్‌లో మళ్లీ టైపు చేసేవాళ్లం. ఆటోక్యాడ్ 2005 వెర్షన్‌లో అసలైన టేబుల్, 2008 వెర్షన్‌లో దాన్ని ఎక్సెల్‌తో కలిపే డేటా లింక్ వచ్చాయి. షీటులో అంకె మార్చి సేవ్ చేసి, డ్రాయింగ్‌లో లింకు అప్‌డేట్ చేస్తే చాలు, పట్టిక మారుతుంది. లింకైన గడులకు తాళం ఉంటుంది. చెయ్యి తగిలి అంకె మారిపోయే ప్రమాదం తప్పింది.

అయితే ఎక్సెల్ ఫైలు పేరు మార్చినా, వేరే ఫోల్డర్‌లోకి జరిపినా లింకు తెగిపోవచ్చు. ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకు నా మాట ఒక్కటే: ప్రింటు తీసేముందు లింకు అప్‌డేట్ చేయండి, మొత్తం బరువు ఒకసారి మీరే లెక్కగట్టి చూసుకోండి.