నిపుణ వైద్యునికి నిర్వహణ పరీక్ష

హైదరాబాదు నగరమునకు తూర్పున ఉప్పల్, నాచారం పారిశ్రామిక వాడలు కలవు. కర్మాగారములలో పనిచేయు కార్మికులకును, వారి కుటుంబములకును చికిత్స చేయుటకు నాచారంలో ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి యున్నది. ఈ బీమా పథకమునకు మూలము 1948లో వచ్చిన చట్టము. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీ నగరములలో ఇది ప్రారంభమైనది. కార్మికులును, యజమానులును చెల్లించు చందాలతో ఇది నడచును. జబ్బు వలననో, పనిలో తగిలిన గాయము వలననో పనికి పోలేని దినములకు భత్యము కూడ లభించును. ఆ భత్యమునకు వైద్యుని ధ్రువపత్రము కావలెను.

యంత్రములో వ్రేలు నలిగిన కార్మికు డొకడు ఇట్టి ఆసుపత్రికి వచ్చెననుకొందము. శస్త్రవైద్యుని చేతినేర్పు అతనికి మొదటి అవసరము. కాని పరికరములు సకాలమున శుద్ధి కావలెను, మంచము దొరకవలెను, మందు నిల్వ యుండవలెను, నర్సుకు చెప్పవలసినది స్పష్టముగా చెప్పవలెను, ధ్రువపత్రము ఆలస్యము కారాదు. వీనిలో ఒకటి తప్పినను గాయము చీము పట్టవచ్చును, లేదా భత్యము నిలిచి ఆ యింట పొయ్యి వెలుగకపోవచ్చును. ఈ పనులన్నిటిని కూర్చి నడపు శక్తినే నిర్వహణ సామర్థ్య మందురు. దీనిని పరీక్షించుట యెట్లు?

మంచి నిర్వహణ ప్రాణములను నిలుపునని ఫ్లోరెన్సు నైటింగేలు చాటెను. ఆమె 1854లో క్రిమియా యుద్ధకాలమున స్కుటారి సైనిక ఆసుపత్రికి వెళ్ళెను. గాయములకన్న వ్యాధుల చేతనే ఎక్కువమంది సైనికులు మరణించిరని తరువాత లెక్కలతో చూపి, సంస్కరణలకై పోరాడెను. మన దేశమున 1943లో నియమింపబడిన భోర్ సంఘము 1946లో నివేదిక నిచ్చి, రోగనివారణకును, సాంఘిక వైద్యమునకును వైద్యవిద్యలో స్థానము కోరెను. 1956లో హైదరాబాదున అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజి స్థాపింపబడెను. ఇంగ్లండులోని హెన్లీ కళాశాల పద్ధతిలో అధికారులు చిన్న బృందములుగా కూర్చుండి సమస్యలను చర్చించుట అచ్చటి విధానము. నిర్వహణ ఉపన్యాసములు వినినంతనే అబ్బునది కాదని దాని సారాంశము. అయితే అది అప్పటికే పదవులలో నున్నవారి కొరకు ఏర్పడినది. నిపుణ వైద్యునికి పట్టా చేతికి రాగానే బాధ్యత మీదపడును. కావున అతని పరీక్ష శిక్షణకాలములోనే జరుగవలెను.

1975లో స్కాట్లండుకు చెందిన రోనాల్డు హార్డెన్ ఒక క్రొత్త పరీక్షను ప్రకటించెను. అందు విద్యార్థి పలు స్థానములకు వరుసగా పోయి, ప్రతిచోట ఒక పనిని చేసి చూపును. అందరికిని ఒకే కొలత. 1990లో అమెరికా ఆచార్యుడు జార్జి మిల్లరు నాలుగు మెట్లు చెప్పెను: తెలియుట, ఎట్లు చేయవలెనో తెలియుట, చేసి చూపుట, నిత్యకృత్యములో చేయుట. ప్రాణవాయువు తయారీని చక్కగా వ్రాసిన విద్యార్థులందరును ప్రయోగశాలలో దానిని తయారుచేయలేరు గదా! వ్రాతపరీక్ష మొదటి రెండు మెట్లను, హార్డెన్ పరీక్ష మూడవ మెట్టును అందుకొనును. నిర్వహణ మాత్రము నాలుగవ మెట్టుమీదనే పూర్తిగా కనబడును. 1996లో కెనడా రాయల్ కాలేజి నిపుణ వైద్యునికి ఏడు పాత్రలను నిర్దేశించి, అందు నిర్వాహకుని పాత్రను చేర్చెను. 2015లో దానికి నాయకుడని పేరు మార్చెను.

మన దేశమున 2020 సెప్టెంబరులో జిల్లా రెసిడెన్సీ నిబంధన వెలువడెను. దాని ప్రకారము ఎం.డి., ఎం.ఎస్. విద్యార్థులు మూడు నెలలు జిల్లా ఆరోగ్య వ్యవస్థలో పనిచేయవలెను. ఆరోగ్య పథకములను రూపొందించుట, అమలు జరుపుట, ఫలితములను పరిశీలించుట నేర్చుకొనవలెను. చేసిన పని పుస్తకమున నమోదగును. దీనిని తృప్తికరముగా పూర్తిచేయనివారు చివరి పరీక్షకు కూర్చొనరాదు.

ఈ తృప్తిని కొలుచుట సులభము కాదు. ఆచార్యు డొక్కడే చూచినచో అభిమానమో, ఆగ్రహమో తూకమును చెరచును. కావున నర్సు, మందుల గది ఉద్యోగి, తోటి వైద్యులు వేర్వేరు దినములలో గమనించిన వానిని కలిపి చూచుట మేలు. మందు లేకపోవుట శిక్షణార్థి తప్పు కాకపోవచ్చును. నిల్వ తరుగుచున్నదని కనుగొనియు ముందుగా తెలుపకపోవుట అతని తప్పే. ఈ భేదమును గుర్తించునదే నిజమైన పరీక్ష. అట్లుగాక అది సంతకముల పుస్తకముగా మిగిలినచో, దాని మూల్యమును వ్రేలు నలిగిన కార్మికుడు చెల్లించును.