టికెట్ చేజారాక ఓటు ఎటు? తెనాలి, రేపల్లె, బాపట్ల నియోజకవర్గాల్లో 2024 ఎన్నికలు

పార్టీ అభ్యర్థి ఎంపికలో భారతీయ ఓటరుకు పాత్ర లేదు. బీ-ఫారం ఎవరి చేతికి ఇవ్వాలో అధిష్ఠానం తేలుస్తుంది. అమెరికాలో ప్రైమరీ ఎన్నికల ద్వారా ఓటర్లే అభ్యర్థిని నిర్ణయిస్తారు. అయినా 2016లో డెమోక్రాటిక్ ప్రైమరీలో ఓడిన బెర్నీ శాండర్స్‌ను బలపరచినవారిలో సుమారు 12 శాతం మంది చివరకు ప్రత్యర్థి పార్టీ అభ్యర్థి ట్రంప్‌కు ఓటేశారని ఒక పెద్ద సర్వే తేల్చింది. తామే పాల్గొన్న పోటీలో ఓడినవారే అలా చీలిపోతే, తమను అడగకుండానే అభ్యర్థి మారిన చోట ఓటరు ఎటు మొగ్గుతాడన్నది మరింత చిక్కు ప్రశ్న.

దీనికి ఆంధ్రప్రదేశ్‌లోని తెనాలిని మించిన ఉదాహరణ దొరకదు. కాంగ్రెస్ తరఫున 2004, 2009లో ఇక్కడ గెలిచిన నాదెండ్ల మనోహర్, తెలుగుదేశం నాయకుడు ఆలపాటి రాజేంద్రప్రసాద్ ఏళ్ల తరబడి ప్రత్యర్థులు. 2014లో ఆలపాటి గెలిచారు. 2019లో వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి అన్నాబత్తుని శివకుమార్ గెలవగా ఆలపాటి రెండో స్థానంలో, జనసేనలో చేరిన మనోహర్ మూడో స్థానంలో నిలిచారు. ఆ ఇద్దరి ఓట్లు కలిపితే విజేత ఓట్లను మించాయి. ఇక్కడ తెలుగుదేశం, జనసేన పొత్తుకు ఈ లెక్కే ఆధారం. 2024 ఫిబ్రవరి 24న వెలువడిన కూటమి తొలి జాబితాలో తెనాలి జనసేనకు, మనోహర్‌కు దక్కింది. ఆలపాటి వర్గంలో అసంతృప్తి రేగింది.

మే 13న బూత్‌లో ఆలపాటి అభిమాని ముందు రెండు ఈవీఎంలున్నాయి. గుంటూరు లోక్‌సభ యంత్రంపై పెమ్మసాని చంద్రశేఖర్ పేరు పక్కన తెలుగుదేశం సైకిల్ గుర్తు ఉంది. శాసనసభ యంత్రంపై సైకిల్ లేదు, మనోహర్ పేరు పక్కన జనసేన గాజు గ్లాసు ఉంది. ఎన్నాళ్లుగానో ఎవరిని ఓడించమని ఊరంతా తిరిగాడో ఆయన గుర్తుపైనే ఇప్పుడు మీట నొక్కాలి. ఇది చిన్న విషయం కాదు. పార్టీ కార్యకర్త మనసును తక్కువ చేసి చూసే విశ్లేషణలు ఇక్కడే పొరబడతాయి.

ఇంట్లో కూర్చోవడం, నోటా నొక్కడం, ప్రత్యర్థికి వేయడం అతని ముందున్న ఇతర దారులు. 2013 నుంచి అందుబాటులో ఉన్న నోటాకు అన్నిటికన్నా ఎక్కువ ఓట్లు వచ్చినా, శాసనసభ ఎన్నికలో తర్వాతి అభ్యర్థే గెలిచినట్టు లెక్క. ప్రత్యర్థికి వేస్తే రాష్ట్రంలో తాను కోరుకున్న ప్రభుత్వానికే ఒక సీటు తగ్గుతుంది. టికెట్ ఇవ్వనివారిపై కోపం తీర్చుకునే మీట ఈవీఎంలో లేదు. పైగా ఆలపాటి పార్టీని వీడలేదు, రెబల్‌గా నిలబడలేదు. నాయకుడు నిలిచిన చోట అనుచరులూ నిలుస్తారన్నది ఓటు బదిలీలో అతి ముఖ్యమైన సూత్రం. మనోహర్ 48 వేలకు పైగా ఆధిక్యంతో గెలిచారు.

రేపల్లెలో చిక్కు వైఎస్సార్ కాంగ్రెస్‌ది. 2023 డిసెంబరులో మోపిదేవి వెంకటరమణను తప్పించి ఈవూరు గణేశ్‌ను నియోజకవర్గ ఇన్‌చార్జిగా నియమించారు. అప్పటికి మోపిదేవి రాజ్యసభ సభ్యుడే. ఆయన వర్గం నిరసన తెలిపినా నిర్ణయం మారలేదు. ఎన్నికల్లో గణేశ్‌పై తెలుగుదేశం అభ్యర్థి అనగాని సత్యప్రసాద్ వరుసగా మూడోసారి గెలిచారు. ఇక్కడ అలకబూనిన ఓటరుకు తెనాలి ఓటరులా చిరకాల ప్రత్యర్థిని భుజాన మోయాల్సిన అవసరం రాలేదు. కొత్త ముఖాన్ని నమ్మాల్సి వచ్చింది, అంతే.

పోలికకు బాపట్ల పనికొస్తుంది. అక్కడ వైఎస్సార్ కాంగ్రెస్ సిట్టింగ్ ఎమ్మెల్యే కోన రఘుపతినే నిలిపింది, తెలుగుదేశం సీటును మిత్రపక్షానికి వదలలేదు. కూటమి ఓటరు శాసనసభకు వేగేశన నరేంద్రవర్మకు, లోక్‌సభకు తెన్నేటి కృష్ణప్రసాద్‌కు ఒకే సైకిల్ గుర్తుపై ఓటేశాడు. ఇద్దరూ గెలిచారు. అభ్యర్థి మారని చోట కూడా వైఎస్సార్ కాంగ్రెస్ ఓడిందంటే, రేపల్లె ఓటమిని మోపిదేవి వర్గం అలకకు మాత్రమే అంటగట్టడం సరికాదు. రాష్ట్రమంతటా 175 స్థానాల్లో ఆ పార్టీకి దక్కినవి 11 మాత్రమే.

ఎన్నికల తర్వాత టికెట్ చేజారిన మోపిదేవి, ఆలపాటి చెరో దారి పట్టారు. మోపిదేవి 2024 ఆగస్టులో రాజ్యసభ సభ్యత్వానికి రాజీనామా చేసి, తర్వాత తెలుగుదేశంలో చేరారు. ఆలపాటికి 2025లో కృష్ణా-గుంటూరు పట్టభద్రుల స్థానం నుంచి శాసనమండలి టికెట్ దక్కింది, ఆయన గెలిచారు.