ఇంటి చదువు: ఏ పద్ధతి ఎవరి కోసం పుట్టింది

పిల్లల్ని ఇంట్లోనే చదివిద్దామనుకున్న తల్లిదండ్రుల్ని ముందుగా తికమకపెట్టేవి పద్ధతుల పేర్లే: షార్లెట్ మేసన్, క్లాసికల్, అన్‌స్కూలింగ్, పెట్టెలో వచ్చే పూర్తి సిలబస్. ఏది మంచిదని అడిగే ముందు ఏది ఎవరి కోసం పుట్టిందో చూడాలి.

పెట్టె చదువు అవసరం కొద్దీ పుట్టింది. బాల్టిమోర్‌లోని కాల్వర్ట్ స్కూలు హెడ్‌మాస్టరు వర్జిల్ హిల్యర్ 1906లో ఇళ్లకు పాఠాలు పోస్టులో పంపడం మొదలుపెట్టాడు. దూరదేశాల్లో ఉన్న మిషనరీలకు, దౌత్యాధికారులకు అవి అక్కరకొచ్చాయి. వాళ్లకు బడి మీద కోపం లేదు, దగ్గర్లో బడి లేదంతే. ఇవాళ పూర్తి సిలబస్ కొనుక్కునేవాళ్లు కోరేది కూడా ఏ రోజు ఏం చెప్పాలో తెలిసిన ధీమాయే.

అంతకు ముందే ఇంగ్లండులో షార్లెట్ మేసన్ ‘హోమ్ ఎడ్యుకేషన్’ (1886) రాసింది. 1892లో ఆంబుల్‌సైడ్‌లో శిక్షణాలయం తెరిచింది. ఆమె పద్ధతికి ప్రాణం తిరిగి చెప్పించడం. పిల్లకు కథ ఒక్కసారే చదువుతారు. పుస్తకం మూసి, విన్నది చెప్పమంటారు. మధ్యలో అడ్డుపడరు, తప్పు దొర్లినా ఆపి దిద్దరు. మళ్లీ చదవరని తెలుసు కాబట్టి పిల్ల చెవులు రిక్కించి వింటుంది. పాఠాలు చిన్నవి, మధ్యాహ్నాలు ఆరుబయట. నా దృష్టిలో ఇంటి చదువుకు ఇంతకు మించిన పనిముట్టు లేదు. నాయనమ్మ కథను మర్నాడు తమ్ముడికి చెప్పే పిల్లలున్న ఇళ్లకు ఇది కొత్తేమీ కాదు. అయితే మేసన్ పుస్తకాల జాబితా బ్రిటిష్ పిల్లల కోసం తయారైంది. పద్ధతి తీసుకుని, పుస్తకాలు మనవి వెతుక్కోవాలి.

క్లాసికల్ పద్ధతికి మూలం రచయిత్రి డొరొతీ సేయర్స్ 1947లో ఆక్స్‌ఫర్డ్‌లో చేసిన ప్రసంగం. వ్యాకరణం, తర్కం, వక్తృత్వం అనే మధ్యయుగపు మెట్లను ఆమె పిల్లల ఎదుగుదలకు అన్వయించింది. జెస్సీ వైజ్, సూసన్ వైజ్ బావర్ 1999లో రాసిన పుస్తకంతో అది అమెరికాలో ఎన్నో ఇళ్లకు చేరింది. క్రమశిక్షణ ఇష్టపడే పిల్లకు బాగుంటుంది. ఎదురు ప్రశ్నలు వేసే అయిదేళ్ల వాడికి మాత్రం బట్టీ పట్టించే ఆ వ్యాకరణ మెట్టు భారం.

పిల్లల ఆసక్తి వెంట నడిచే అన్‌స్కూలింగ్‌కు మూలం జాన్ హోల్ట్. ఆయన బడిపంతులు. భయంతో పిల్లలు జవాబులు ఎలా ఊహించి చెబుతారో తరగతిలో కూర్చుని గమనించి 1964లో ‘హౌ చిల్డ్రన్ ఫెయిల్’ రాశాడు. బడి మారదని నిశ్చయించుకుని 1977లో ‘గ్రోయింగ్ వితౌట్ స్కూలింగ్’ పత్రిక పెట్టాడు. అదే దశకంలో రేమండ్, డొరొతీ మూర్ దంపతులు మతవిశ్వాసంలోంచి మాట్లాడుతూ, ఎనిమిది, పదేళ్ల దాకా బడి తొందర వద్దన్నారు. దారులు వేరైనా పిల్లల్ని తొందరపెట్టొద్దన్న దగ్గర హోల్ట్, మూర్ దంపతులు కలిశారు. 1993 నాటికి అమెరికాలో అన్ని రాష్ట్రాల్లోనూ ఇంటి చదువు చట్టబద్ధమైంది.

మన దగ్గర 2009 విద్యాహక్కు చట్టం ఇంటి చదువు ఊసెత్తదు. అయినా 14 ఏళ్లు నిండితే జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ ద్వారా తెలుగు మాధ్యమంలోనూ పదో తరగతి రాయొచ్చు. పన్నెండేళ్ల దాకా మేసన్‌తో నడిచినా హోల్ట్‌తో నడిచినా, ఆ తర్వాత బోర్డు పుస్తకం ముందు కూర్చోక తప్పదు. భాషతో కలిపి అయిదు సబ్జెక్టులు. అందుకు రెండేళ్లు విడిగా పెట్టుకున్న ఇంట్లో, అంతకు ముందు ఏళ్లలో పరీక్ష బెంగ అక్కర్లేదు.