నెత్తురు గడ్డకట్టకుండ నిలిపిన లవణము

సిరనుండి తీసిన నెత్తురు కొద్ది నిమిషములలో గడ్డకట్టును. గాయము తగిలినపుడు మన ప్రాణమును కాపాడునది ఈ గుణమే. కాని ఒకరి నెత్తురును మరొకరికి ఎక్కించదలచిన వైద్యులకు ఇదియే పెద్ద అడ్డంకి అయ్యెను. 20వ శతాబ్ది ఆరంభమున కొందరు శస్త్రవైద్యులు దాత రక్తనాళమును రోగి రక్తనాళముతో కలిపి కుట్టుచుండిరి.

నెత్తురు గడ్డకట్టుటకు కాల్షియము అవసరమని 1890లో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు ఆర్తూస్, పాజెస్ చూపిరి. సున్నములో నుండు ధాతువే ఇది. దానిని పట్టి ఉంచు పదార్థమును కలిపినచో నెత్తురు ద్రవముగనే నిలుచును. నిమ్మపులుసులోని ఆమ్లమునుండి వచ్చు సోడియం సిట్రేటు అట్టి లవణము.

1914లో బ్రస్సెల్సులో హుస్టిన్, బ్యూనస్ ఎయిర్సులో అగోటే సిట్రేటు కలిపిన నెత్తురును రోగులకు ఎక్కించిరి. అయితే ఎంత కలుపవలెను? ఎక్కువైన రోగికి విషము. తక్కువైన నెత్తురు గడ్డకట్టును. 0.2 శాతము చాలునని 1915లో న్యూయార్కునందు లూయిసోన్ తేల్చెను.

ఆ లవణమే నేడు ప్రయోగశాలలోను కలదు. నెత్తురు ఎంతసేపటికి గడ్డకట్టునో కొలుచు పరీక్షకు, లేతనీలి మూతగల గొట్టములో 9 పాళ్ల నెత్తురునకు 1 పాలు సిట్రేటు ద్రావణము ఉండవలెను. పరీక్షలో మరల కొలత ప్రకారము కాల్షియము చేర్చుదురు. గొట్టము సగమే నిండినచో మిగులు సిట్రేటు ఆ కాల్షియమును పట్టివేయును. నెత్తురు ఆలస్యముగ గడ్డకట్టినట్లు తప్పు ఫలితము వచ్చును. దానిని నమ్మి మందు మార్చినచో రోగికి ముప్పు. అందుచేతనే నెత్తురు తీయువారు గొట్టముపైని గీత వరకు నింపవలెను.