రెండో పిన్నా, మూడో పిన్నా?

మా బాన్సువాడలో బతుకమ్మ పాటకి పెట్టే మైకు వైరు కొసన మూడు పిన్నులుంటాయి. ఒకటోది షీల్డుకి. మిగతా రెండిట్లో ఒకే గొంతు ప్లస్‌గా, మైనస్‌గా నడుస్తుంది. దారిలో దూరిన రొద మాత్రం రెండిట్లోనూ ఒకేలా ఉంటుంది. అవతల ఒకదాన్నుంచి ఇంకోటి తీసేస్తే రొద పోయి గొంతు మిగులుతుంది. టెలిఫోన్ తీగల కాలం నాటి ఉపాయమిది.

మరి ప్లస్ ఏది? అమెరికాలో చాలా కంపెనీలు మూడో పిన్నన్నాయి, యూరప్‌లో ఎక్కువగా రెండోదన్నారు. 1992లో ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ రెండోదేనని తేల్చింది. అయినా తిరగేసి సోల్డర్ చేసిన వైర్లు ఇప్పటికీ తగులుతాయి. పక్కపక్కనున్న రెండు మైకుల్లో ఒకదానికి అలాంటిది పడితే, రెండిట్లోకీ వెళ్లే గొంతు తనను తానే కొట్టేసుకుని పల్చబడుతుంది. మైకులు రెండూ బాగానే ఉంటాయి. పాడే ఆమె మాత్రం తన గొంతే బాలేదనుకుంటుంది. ఆ అనుమానం తీర్చగలిగే ఒప్పందం కాబట్టే, నాకది చిన్న చరిత్రలా అనిపించదు.