తీసేసిన తర్వాత సంగతి

మా కర్నూలు, కడప వైపు ఆడవాళ్ళ రొమ్ము జబ్బు గురించి నలుగురిలో మాట్లాడాలంటేనే మొహమాటం. తీసేశాక మనసు ఏమవుతుందన్నది ఇంకా దూరం. అమెరికాలో మాత్రం తక్కువ తిన్నారా? సిలికోన్ ఇంప్లాంట్ల చరిత్ర చూడండి.

1962లో హ్యూస్టన్‌లో టిమీ జీన్ లిండ్సే అనే ఆవిడ రొమ్ము మీది పచ్చబొట్టు తీయించుకుందామని ధర్మాసుపత్రికి వెళ్ళింది. క్రోనిన్, గెరో అనే డాక్టర్లు కొత్తగా తయారుచేసిన ఇంప్లాంట్లు పెడతామన్నారు. ఆవిడకి కావలసింది చెవులు సరిచేయించుకోవటం! అదీ చేస్తామంటే ఒప్పుకుంది. ప్రపంచంలో మొదటి సిలికోన్ ఇంప్లాంట్లు అవే.

1992లో ఎఫ్‌డీఏ వాటిని అందం కోసం వాడటం ఆపించింది, 2006లో మళ్ళీ అనుమతించింది. ఫ్రాన్సులో పీఐపీ కంపెనీ నాసిరకం సిలికోన్ నింపి అమ్మిన సంగతి 2010లో బయటపడింది. మరుసటేడు అక్కడి ప్రభుత్వం సుమారు 30,000 మందిని తీయించుకోమంది. 2019లో అలర్గాన్ తన గరుకు రకాన్ని, అరుదైన ఒక లింఫోమా కారణంగా, ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది.

గొడవంతా పగిలిందా, కారిందా అనే. తీయించుకున్నావిడ అద్దంలో ఏం చూసుకుంటుందన్న ప్రశ్న వెనకబడిపోయింది. మన భాషలో చెప్పాలంటే, అన్‌ఇన్‌స్టాల్ చేస్తే పాత వెర్షన్ తిరిగి రాదు. చర్మం సాగి ఉంటుంది, మచ్చలుంటాయి. నొప్పీ భయమూ పోయాయని హమ్మయ్య అనుకునేవాళ్ళున్నారు, ఏదో పోయిందని దిగులుపడేవాళ్ళూ ఉన్నారు. ఒకే మనిషిలో రెండూ ఉండొచ్చు. ఇంప్లాంట్లు జీవితాంతం ఉండేవి కావని ఎఫ్‌డీఏ చెబుతూనే ఉంది. అంటే ఈ దిగులు ఎప్పుడో ఒకప్పుడు చాలామంది గుమ్మం తొక్కేదే.

మా వైపు ఇంప్లాంట్ మాట పెద్దగా వినపడదు. క్యాన్సర్ వచ్చి రొమ్మే తీయించుకున్నవాళ్ళు మాత్రం ఉన్నారు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఆపరేషన్ ఖర్చు భారం తగ్గించింది, మంచిదే. మా ఊళ్ళో ఒకావిడ రైకలో పాత చీర గుడ్డ మడిచి పెట్టుకుని పెళ్ళిళ్ళకి వస్తుంది. మాటిమాటికీ పైట సర్దుకుంటుంది. "పానం దక్కింది గదా, ఇంకేం కావల్ల?" అంటారు జనం.

ఆడ్రీ లార్డ్ అనే అమెరికన్ కవయిత్రికీ ఇలాంటిదే ఎదురైంది. కృత్రిమ రొమ్ము పెట్టుకోకుండా వస్తే క్లినిక్‌లో అందరి మనోబలం దెబ్బతింటుందని నర్సు అన్నదట. 1980లో తన పుస్తకంలో రాసింది. ఊరు మారినా తీరు మారలేదు: చూసేవాళ్ళ ఇబ్బందే ముందు, ఆవిడ బాధ తర్వాత.

పెట్టించుకోవటమో, తీయించుకోవటమో, చదునుగా ఉండిపోవటమో ఆవిడ ఇష్టం. ఇన్సూరెన్సు కార్డు చూపించి బిల్లు కట్టడం మనకి బాగా వచ్చు. కట్టు విప్పే రోజున పక్కన కూర్చుని "ఎట్లుంది నీకు?" అని అడగటం కూడా నేర్చుకోవాలి. ఏమంటారు?